యంత్రం రిటైరైనా భాష కొలువులోనే ఉంది

మన తరంవారిలో చాలామంది కంప్యూటరును మొదటిసారి చూసింది రైల్వే రిజర్వేషను కౌంటరులోనే. అద్దానికి అవతల గుమాస్తా, ఆయన ముందు నల్లటి తెర, దాని మీద మెరిసే అక్షరాలు. మనం నింపి ఇచ్చిన ఫారం చూస్తూ ఆయన కొన్ని మీటలు నొక్కి, ఒక్క క్షణం ఆగి, బెర్తు ఉందో లేదో చెప్పేవారు. "నాదేముందండీ, కంప్యూటరు వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది" అన్న మాట విని వెనుదిరగని ప్రయాణికుడు అరుదు.

నిజానికి ఆ మాట చెప్పింది గుమాస్తా ముందున్న పెట్టె కాదు. ఆ పెట్టెకు సొంతంగా చిన్న కూడిక కూడా రాదు. లెక్కలన్నీ చేసే అసలు కంప్యూటరు ఎక్కడో ఏ.సి. గదిలో ఉండేది. బల్ల మీద ఉన్నది టెర్మినల్ మాత్రమే. అంటే ఒక పొడవాటి తీగకు ఈ చివర అమర్చిన కీబోర్డు, తెర అన్నమాట. సొంత బుద్ధి లేదు గనుక దానికి డంబ్ టెర్మినల్ అని పేరు.

ఆ టెర్మినల్ కథ పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇప్పుడెందుకు అంటే, కారణాలు రెండు. ఆ పెట్టెలు ఏనాడో పదవీ విరమణ చేసినా, అవి మాట్లాడిన భాష ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది. ఇది మొదటిది. దూరాన ఉన్న యంత్రాన్ని ఇక్కడి నుంచి నడిపించే ఆ విద్య ఇవాళ మన జేబులోని ఫోను దాకా వచ్చింది. తెలిసి వాడుకుంటే మేలు, తెలియకపోతే పెన్షను డబ్బుకే ఎసరు. ఇది రెండవది.

దూరపు కంప్యూటరుతో పని పెట్టుకున్నప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇరువైపులా ఒకే భాష మాట్లాడుతున్నామా? మధ్యలో ఎవరైనా వింటున్నారా? తీగకు ఆ చివర కూర్చున్నది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఎనభై ఏళ్ళ పైబడిన ఈ చరిత్ర.

టెలిప్రింటరుతో శ్రీకారం

తంతి తపాలా శాఖలోనో, పత్రికా కార్యాలయంలోనో, పోలీసు వైర్‌లెస్‌లోనో పనిచేసిన వారికి టెలిప్రింటరు టకటకలు గుర్తుండే ఉంటాయి. ఒక ఊళ్ళో టైపు చేస్తే మరో ఊళ్ళో కాగితం మీద అచ్చయ్యే యంత్రమది. దూరపు కంప్యూటరుతో మనిషి మొదట మాట్లాడింది దాని ద్వారానే.

1940 సెప్టెంబరు 11న అమెరికాలోని హనోవర్ పట్టణంలో, డార్ట్‌మత్ కళాశాలలో, గణిత శాస్త్రజ్ఞుల సభ జరిగింది. బెల్ లేబొరేటరీస్‌కు చెందిన జార్జ్ స్టిబిట్జ్ ఆ సభలో ఒక టెలిప్రింటరు పెట్టించి, లెక్కలేమైనా ఉంటే దాని మీద టైపు చేయమని సభికులను ఆహ్వానించారు. ఆయన తయారు చేసిన లెక్కల యంత్రం అక్కడ లేదు. సుమారు 400 కిలోమీటర్ల దూరాన న్యూయార్కులో ఉంది. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో వాడే రిలేలతో కట్టిన యంత్రమది. ప్రశ్న తీగ మీద న్యూయార్కు వెళ్ళింది, జవాబు తిరిగి వచ్చి కాగితం మీద అచ్చయింది. చూసినవారిలో నార్బర్ట్ వీనర్, జాన్ మాక్లీ వంటి ఉద్దండులున్నారు. ఆ మాక్లీయే తరువాత ఎనియాక్ అనే సుప్రసిద్ధ కంప్యూటరును నిర్మించిన ఇద్దరిలో ఒకరు.

అయితే ఆ తరువాత చాలా ఏళ్ళపాటు కంప్యూటరు మామూలు మనిషికి అందలేదు. లెక్కలను చిల్లుల కార్డుల మీద గుద్దించి, కట్ట కట్టి కిటికీలో ఇస్తే, జవాబు ఏ సాయంత్రానికో మర్నాటికో వచ్చేది. ఒక్క కామా తప్పు పడితే మళ్ళీ వరుసలో నిలబడవలసిందే. ఈ బాధ తీర్చడానికి పుట్టినదే టైమ్ షేరింగ్. ఒకే కంప్యూటరు తన సమయాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, పదిమందికీ వంతులవారీగా పంచుతుంది. వంతులు అతి వేగంగా తిరగడం వల్ల ప్రతి ఒక్కరికీ కంప్యూటరు తనదే అనిపిస్తుంది. 1961లో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం దీనిని చేసి చూపించింది. 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున, స్టిబిట్జ్ ప్రదర్శన జరిగిన ఆ డార్ట్‌మత్ కళాశాలలోనే, కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు టైమ్ షేరింగునూ, బేసిక్ అనే సులభమైన కంప్యూటరు భాషనూ ఒకేసారి ప్రారంభించారు. విద్యార్థి టెలిప్రింటరు ముందు కూర్చుని అడుగుతాడు, కంప్యూటరు అక్కడికక్కడే జవాబిస్తుంది.

ఆ రోజుల్లో విరివిగా వాడినది 1963లో వచ్చిన టెలిటైప్ 33. సెకనుకు 10 అక్షరాలు, అంతే దాని వేగం. దాని గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. పంక్తి పూర్తయ్యాక అచ్చు వేసే భాగాన్ని ఎడమవైపుకు తేవడానికి ఒక సంకేతం, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడానికి మరొక సంకేతం ఉండేవి. మనం పంపే ఈ-మెయిలులో నేటికీ ప్రతి పంక్తి చివర ఆ రెండు సంకేతాలూ ప్రయాణం చేస్తున్నాయి. జరపడానికి కాగితమూ లేదు, తేవడానికి అచ్చు భాగమూ లేదు, ఆచారం మాత్రం మిగిలింది. లినక్స్ కంప్యూటర్లలో టెర్మినలును ఇప్పటికీ 'టి.టి.వై.' అనే పిలుస్తారు. అది టెలిటైప్ అనే పేరుకు పొట్టి రూపమే.

గాజు తెర – ఒక్కొక్కరిది ఒక్కొక్క భాష

1970ల నాటికి కాగితం స్థానంలో టి.వి. వంటి తెర వచ్చింది. చప్పుడు పోయింది, కాగితం ఖర్చు తగ్గింది. దానితో కొత్త సౌకర్యమూ వచ్చింది. కాగితం మీద ఒకసారి పడిన అక్షరాన్ని చెరపలేం. తెర మీదైతే చెరపవచ్చు, పైకి కిందికి వెళ్ళి మధ్యలో రాయవచ్చు, మొత్తం తుడిచివేయవచ్చు. ఇందుకోసం దూరాన ఉన్న కంప్యూటరు టెర్మినలుకు ఆజ్ఞలు పంపాలి. చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక కంపెనీ టెర్మినలుకు 'తెర తుడువు' అనే ఆజ్ఞ ఒక రకం సంకేతమైతే, మరో కంపెనీదానికి ఇంకో రకం. ఒకదానికి రాసిన ప్రోగ్రాము మరొకదాని మీద పిచ్చి గీతలు చూపేది.

1978 ఆగస్టులో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వి.టి.100 అనే టెర్మినలును విడుదల చేసింది. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరుసలు. ఈ 80 కూడా వారసత్వమే, చిల్లుల కార్డులో నిలువు గళ్ళు ఎనభై. వి.టి.100 గొప్పతనం తెరలో లేదు, భాషలో ఉంది. అప్పటికి రూపుదిద్దుకుంటున్న అమెరికా జాతీయ ప్రమాణాన్ని అది అనుసరించింది. ఆ ప్రమాణం 1979లో వెలువడింది. ముందుగా 'ఎస్కేప్' అనే సంకేతం, తరువాత ఒక చదరపు బ్రాకెట్, ఆపైన అంకెలూ ఒక అక్షరమూ వస్తాయి. తెర తుడవాలన్నా, అక్షరాలు వెలిగించాలన్నా, కర్సరును ఫలానా వరుసకు పంపాలన్నా ఇదే పద్ధతి. టెర్మినల్ విరివిగా అమ్ముడుపోయింది. ఇతర కంపెనీలవారూ 'మాదీ వి.టి.100 లాగే పనిచేస్తుంది' అని చెప్పుకోవలసి వచ్చింది. అలా ఒక కంపెనీ భాష లోక వ్యవహారంగా మారింది.

ఐ.బి.ఎం. దారి వేరు. 1971లో వచ్చిన దాని 3270 టెర్మినల్ అక్షరం అక్షరాన్నీ పంపదు. తెర మీద ఫారం చూపిస్తుంది. గళ్ళన్నీ నింపి మీట నొక్కితేనే మొత్తం ఒకేసారి వెళుతుంది. వి.టి.100 పద్ధతి గుమాస్తాతో ముఖాముఖి మాట్లాడడం వంటిదైతే, 3270 పద్ధతి అర్జీ పూర్తి చేసి కిటికీలో ఇవ్వడం వంటిది. బ్యాంకులకు, బీమా కంపెనీలకు ఈ రెండవదే నచ్చింది. 1990ల చివర 2000 సంవత్సరపు తేదీ చిక్కు, అదే వై2కె, వచ్చినప్పుడు మన పిల్లలు హైదరాబాదులో కూర్చుని అమెరికాలోని పెద్ద కంప్యూటర్లలో కోబాల్ ప్రోగ్రాములు సరిదిద్దిన సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. వారి ముందున్నది మామూలు పి.సి.. దాని తెర మీద కనిపించినది 3270.

రెండే అక్షరాలు వెళ్ళాయి

కంప్యూటర్ల మధ్య వలలు అల్లడం మొదలయ్యాక భాషా సమస్య ఇంకా ముదిరింది. ఈనాటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌లో మొట్టమొదటి సందేశం 1969 అక్టోబరు 29 రాత్రి వెళ్ళింది. లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయంలో కూర్చున్న చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటరులోకి ప్రవేశించడానికి 'లాగిన్' అని ఆంగ్లంలో టైపు చేయబోయాడు. 'ఎల్' వెళ్ళింది, 'ఓ' వెళ్ళింది, ఆపైన అవతలి యంత్రం కూలబడింది. సుమారు గంట తరువాత మళ్ళీ ప్రయత్నించి సఫలమయ్యారు. గమనించవలసినదేమంటే, ఇంటర్నెట్ చేసిన మొదటి పని ఉత్తరం పంపడమూ కాదు, బొమ్మ చూపడమూ కాదు. దూరపు కంప్యూటరుకు టెర్మినలుగా కూర్చోవడమే.

ఆ పని కోసం రూపొందినది టెల్‌నెట్. అందులోని ఉపాయం చూడముచ్చటైనది. నూరు రకాల టెర్మినళ్ళు, నూరు రకాల కంప్యూటర్లు ఉన్నప్పుడు ప్రతి జంటకూ ఒక దుబాసీని పెట్టాలంటే అయ్యే పని కాదు. అందుకని లోకంలో ఎక్కడా లేని ఒక ఊహా టెర్మినలును కాగితం మీద నిర్వచించారు. ప్రతివారూ తమ యంత్రపు మాటలను ఆ ఊహా టెర్మినల్ మాటల్లోకి మార్చి పంపితే చాలు. నూరు యంత్రాలకు నూరు తర్జుమాలతో సరిపోతుంది. 1983 మేలో ఈ ఒప్పందం స్థిరరూపం పొందింది.

మన దేశంలో సామాన్యునికి ఈ విద్య ఫలం అందినది రైల్వేల ద్వారానే. 1985 నవంబరులో న్యూఢిల్లీలో, ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. సహకారంతో ఇంప్రెస్ అనే రిజర్వేషను వ్యవస్థ ప్రారంభమైంది. 1987లో బొంబాయి, కలకత్తా, మద్రాసులకు, 1989లో సికింద్రాబాదుకు వచ్చింది. అయితే ఈ అయిదు కేంద్రాలూ వేటికవే. తరువాత రైల్వేల సొంత సంస్థ క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ వ్యవస్థను 1994 సెప్టెంబరులో మొట్టమొదట మన సికింద్రాబాదులోనే ప్రవేశపెట్టారు. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకే వలలో చేరాయి. సికింద్రాబాదు కౌంటరులో కూర్చున్న గుమాస్తా కలకత్తాలో బయలుదేరే బండికి టిక్కెట్టు ఇవ్వగలిగింది అందువల్లనే.

పగటివేషం వేసిన పి.సి.

1980లలో సొంత బుద్ధి ఉన్న చిన్న కంప్యూటర్లు, అంటే పి.సి.లు, బల్లల మీదికి వచ్చాయి. ఇక టెర్మినలుకు నూకలు చెల్లినట్లేనని అనిపించింది. కాని పెద్ద కంప్యూటర్లలోని సమాచారం ఎక్కడికీ పోలేదు. దానితో మాట్లాడాలంటే టెర్మినల్ కావాలి. ఒకే బల్ల మీద పి.సి. ఒకటి, టెర్మినల్ ఒకటి ఎందుకని, పి.సి. చేతనే టెర్మినల్ వేషం కట్టించారు. దీనినే టెర్మినల్ ఎమ్యులేషన్ అంటారు.

మన ఊళ్ళలో పగటివేషగాళ్ళను చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. తహసీల్దారు వేషం కట్టినవాడు నడక, మాట, దర్పం అన్నీ తహసీల్దారువే చూపిస్తాడు. కొత్తవాడైతే లేచి దండం పెడతాడు. అలాగే దూరపు కంప్యూటరు 'తెర తుడువు' అని వి.టి.100 భాషలో ఆజ్ఞ పంపితే, పి.సి.లోని సాఫ్ట్‌వేరు వి.టి.100 ఏం చేసేదో సరిగ్గా అదే చేస్తుంది. తాను మాట్లాడుతున్నది నిజమైన టెర్మినలుతో కాదని దూరపు కంప్యూటరుకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

1981లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇటువంటి అవసరం నుంచే కెర్మిట్ పుట్టింది. పెద్ద కంప్యూటరులో విద్యార్థులకు చోటు చాలేది కాదు. వారి ఫైళ్ళను చిన్న కంప్యూటర్ల ఫ్లాపీలలోకి దించుకునే ఏర్పాటు చేయడానికి ఫ్రాంక్ డ క్రూజ్, బిల్ క్యాచింగ్స్ అనేవారు పూనుకున్నారు. టి.వి.లో ప్రసిద్ధమైన ఒక కప్ప బొమ్మ పేరే దానికి పెట్టారు. అది అనేక రకాల యంత్రాలకు పాకింది, టెర్మినల్ వేషం కట్టడమూ నేర్చింది. 1984లో పుట్టిన ఎక్స్‌టెర్మ్ అనే ప్రోగ్రాము వి.టి.102 వేషంతో నేటికీ వాడుకలో ఉంది. 1995లో విండోస్ 95తో పాటు హైపర్ టెర్మినల్ ఇంటింటికీ చేరింది.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినది విదేశ్ సంచార్ నిగమ్, 1995 ఆగస్టు 15న. తక్కువ ధరకు దొరికినది షెల్ అకౌంటు. అందులో బొమ్మలుండవు, అక్షరాలే. పి.సి. మోడెము ద్వారా ఫోను చేసి, కీచుమన్న శబ్దాల తరువాత వి.టి.100 వేషంలో నిగమ్ కంప్యూటరుకు టెర్మినలుగా కూర్చునేది. పైన్ అనే ప్రోగ్రాములో ఉత్తరాలు, లింక్స్ అనేదానిలో వెబ్ పేజీలు చదివేవారు. అమెరికాలోని కొడుకు నుంచి ఏరోగ్రాము కోసం పదిహేను రోజులు ఎదురుచూసిన తల్లిదండ్రులకు, ఆ నల్లటి తెర మీద ఆంగ్ల లిపిలో రాసిన తెలుగు ఉత్తరం ఎంత అపురూపమో వేరే చెప్పనక్కరలేదు.

వేగం సంగతి ఒక చిన్న లెక్కతో మనవి చేస్తాను. నిండు తెరకు 1,920 అక్షరాలు. టెలిటైప్ 33 వేగంతో అది నిండడానికి 3 నిమిషాల 12 సెకన్లు. సెకనుకు 9,600 బిట్ల మోడెముతో 2 సెకన్లు. అక్షరాలకు అంత తక్కువ చాలు గనుకనే, నాసిరకం టెలిఫోను లైన్ల మీద కూడా ఆ విద్య నిలబడింది.

పోస్టు కార్డూ, అంటించిన కవరూ

భాష కుదిరింది. ఇక రెండో ప్రశ్న, మధ్యలో ఎవరైనా వింటున్నారా? టెల్‌నెట్ పోస్టు కార్డు వంటిది. చేతులు మారే ప్రతిచోటా చదవవచ్చు. మనం టైపు చేసిన పాస్‌వర్డు కూడా ఉన్నదున్నట్లుగానే తీగ మీద వెళ్ళేది. విశ్వవిద్యాలయాల్లో ఒకరినొకరు ఎరిగినవారే వాడిన రోజుల్లో అది లోపంగా తోచలేదు. లోకమంతా అందులోకి వచ్చాక తెలిసింది.

1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు తాటు ఇలోనెన్ దానికి విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. అనే కొత్త పద్ధతిని రాసి, అదే ఏడు అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇందులో ప్రతి అక్షరమూ గుప్తలిపిలోకి మారి వెళుతుంది. అవతలి కంప్యూటరు తాము కోరినదేనా అని చూసుకునే ఏర్పాటూ ఉంది. పోస్టు కార్డు పోయి అంటించిన కవరు వచ్చిందన్నమాట. 1999లో వచ్చిన ఓపెన్ ఎస్.ఎస్.హెచ్., ఇంగ్లండుకు చెందిన సైమన్ టాథమ్ రాసిన పుట్టీ ఈ పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేశాయి. హైపర్ టెర్మినల్ 2007లో వచ్చిన విండోస్ విస్టాతో కనుమరుగైంది. వి.టి.100ను తయారు చేసిన కంపెనీయే 1998లో మరొక కంపెనీ చేతుల్లోకి వెళ్ళిపోయింది.

కాని ఇవాళ బ్యాంకు సర్వర్లనూ, ఇంటర్నెట్ సర్వర్లనూ నడిపే యువ ఇంజనీరు పుట్టీ తెరిచినప్పుడు, కవరు కొత్తదైనా లోపల ఉత్తరం పాత భాషలోనే ఉంటుంది. ఎస్కేప్, చదరపు బ్రాకెట్, అంకె, అక్షరం. తాను నిత్యం వాడేది 1978 నాటి పెట్టె భాష అని ఆ కుర్రవాడికి తెలియకపోవచ్చు. మనవంటివారు దిగిపోయిన తరువాత కూడా మనం వేసిన ఫైలు పద్ధతి ఆఫీసులో సాగుతూ ఉంటుంది చూడండి, ఇదీ అటువంటిదే.

మూడో ప్రశ్న మనదే

ఆ చివర కూర్చున్నది ఎవరు? ఈ ప్రశ్నకు యంత్రం పూర్తి జవాబు చెప్పలేదు. టెర్మినల్ వెనుక మనిషి ఎవరైనా కంప్యూటరుకు ఒకటే. సరైన పాస్‌వర్డు ఇచ్చినవాడే యజమాని. కీబోర్డు ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిది. ఇది రిజర్వేషను కౌంటరు నాటికీ నిజమే, నేటికీ నిజమే.

ఇప్పుడు ఫోన్లకు, కంప్యూటర్లకు దూరం నుంచి నడిపే యాప్‌లు వచ్చాయి. అమెరికాలో ఉన్న కూతురు ఇక్కడ తండ్రి కంప్యూటరులోని ఇబ్బందిని అక్కడి నుంచే సరిచేయగలదు. మంచి సాధనమే. అయితే పూర్వం మనం టెర్మినలుగా కూర్చుని దూరపు కంప్యూటరును నడిపేవాళ్ళం. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. మన ఫోనే దూరపు కంప్యూటరు అవుతుంది, టెర్మినల్ అవతలివాడి చేతిలో ఉంటుంది. మన తెర అతనికి కనిపిస్తుంది, వచ్చిన ఓ.టి.పి. కూడా కనిపిస్తుంది. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఇటువంటి యాప్‌ల ద్వారా జరిగే మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది.

కనుక మిత్రులకు ఒక్క విజ్ఞప్తి. బ్యాంకు నుంచి అనో, పెన్షను ఆఫీసు నుంచి అనో, లైఫ్ సర్టిఫికెట్ కోసమనో ఎవరైనా ఫోను చేసి ఫలానా యాప్ వేసుకుని అందులో కనిపించే అంకెలు చెప్పమంటే, చెప్పవద్దు. ఆ అంకెలే మన ఇంటి తాళంచెవి. అతడు పగటివేషగాడు కావచ్చు. ఊళ్ళోకి వచ్చే పగటివేషగాడు చివరిరోజున వేషం విప్పి సంభావన అడుగుతాడు. ఇతడు వేషం విప్పడు, అడగకుండానే తీసుకుపోతాడు. పొరపాటు జరిగిందనిపిస్తే సిగ్గుపడి దాచుకోకుండా, వెంటనే బ్యాంకుకు చెప్పి 1930 నంబరుకు ఫోను చేయాలి.

మొదటి ప్రశ్నకు జవాబు ప్రమాణాలు రాసినవారు చెప్పారు. రెండవదానికి గుప్తలిపి తెలిసినవారు చెప్పారు. మూడవదానికి జవాబు ఫోను చేతిలో పట్టుకున్న మనమే చెప్పాలి. ముప్ఫై, నలభై ఏళ్ళు ఆఫీసులలో సంతకం సరిచూడకుండా కాగితం కదలనివ్వని మనకు అది కొత్త విద్య కాదు.